నైజర్ నది ముఖద్వారాన్ని ‘కనుగొన్నది’ లాండర్ సోదరులేనా? (1830 పడవ ప్రయాణం మీద చర్చ)

పాతపటం రాశారు:

పోటీ పరీక్షల పిల్లలకి జనరల్ స్టడీస్ చెబుతుంటాను. మొన్న ఒక మోడల్ పేపర్లో ఈ ప్రశ్న వచ్చింది: “నైజర్ నది సముద్రంలో కలిసే చోటును కనుగొన్నది ఎవరు?” కీలో జవాబు లాండర్ సోదరులు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, “ఆ నది ఒడ్డున ఊళ్ళున్నాయి కదా సార్, వాళ్ళకి తెలీదా?” అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకి ఏం చెప్పాలో తోచలేదు.

తెలియనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా. నైజర్ పొడవు సుమారు 4,180 కిలోమీటర్లు. పుట్టేది అట్లాంటిక్‌కి 240 కిలోమీటర్ల దూరంలోనే, గినీ కొండల్లో. కానీ ఆ సముద్రానికి వీపు తిప్పి సహారా అంచున టింబక్టూ దాకా పోయి, అక్కడ వంపు తిరిగి దక్షిణానికి దిగుతుంది. అందుకే యూరప్‌లో తలో మాటా అన్నారు. నైలులో కలుస్తుందని ఒకరు, ఎడారిలో ఇంకిపోతుందని ఒకరు, కాంగో నదీ ఇదీ ఒకటేనని ఇంకొకరు. స్కాట్లండ్ డాక్టరు మంగో పార్క్ 1796లో సెగూ దగ్గర నదిని చూసి తూర్పుకి పారుతోందని తేల్చాడు. రెండోసారి వెళ్ళి 1806లో బుస్సా దగ్గర రాళ్ళ మధ్య చనిపోయాడు. 1830 మార్చి 22న రిచర్డ్ లాండర్, తమ్ముడు జాన్ బడాగ్రి తీరాన దిగారు. మెట్టదారిన బుస్సా చేరి, సెప్టెంబర్‌లో అక్కణ్ణుంచి పడవల్లో దిగువకి బయల్దేరారు. రబ్బా, ఎగ్గా, ఉపనది బెన్యూ కలిసే చోటు, కిర్రీ, అబో, చివరికి సముద్రతీరాన బ్రాస్. డిసెంబర్ 1న ఫెర్నాండో పో దీవిలో ఉన్నారు.

దారి పొడవునా సంతలూ రేవులే. పడవలు అక్కడి రాజుల దగ్గర సంపాదించినవి. భాష తెలిసినవాడు పాస్కో అనే హౌసా మనిషి. ప్రయాణం క్షేమమా కాదా అని బుస్సా రాజు ముందుగా ‘నల్లనీళ్ళ’ను, అంటే నదినే, అడిగి మరీ పంపాడు. ఇంతమంది చేతులు పట్టుకుని నడిపిస్తే దిగిన మనుషులు ‘కనుగొన్నారు’ ఎలా అవుతారు? కీ తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

సాగర్ అవనిగడ్డ రాశారు:

సార్, ఈ వాదన ఈమధ్య ప్రతిచోటా వింటున్నా. “అక్కడ జనం ఉన్నారు కాబట్టి ఎవరూ ఏదీ కనుగొనలేదు.” వినడానికి బాగుంటుంది. కానీ ఊళ్ళో వాళ్ళకి తెలిసేది ఊరి ముందు పారే నీళ్ళు. సెగూలో చేపలు పట్టేవాడికి, బ్రాస్‌లో ఉప్పు అమ్మేవాడికి తామిద్దరూ ఒకే నది మీద ఉన్నామని తెలుసా? నదంటే మొదలూ చివరా కలిపి ఒక వస్తువు అని తేల్చడం వేరే పని.

నా మాట నమ్మకపోతే సొకోటో సుల్తాన్ మహమ్మద్ బెల్లోని చూడండి. పెద్ద పండితుడు, పుస్తకాలు రాసినవాడు. 1824లో బ్రిటిష్ యాత్రికుడు క్లాపర్టన్‌ వెళ్తే పటం గీయించి ఇచ్చాడు. ఆ పటంలో ఈ నది ఈజిప్టుకు పోతుందని, దాన్నే నైలు అంటారని రాసి ఉంది! సుల్తాన్‌కే తెలియనిది రేవులో పడవవాడికి తెలుసంటే ఎలా? కీ కరెక్టే. పిల్లల మార్కులు పోగొట్టకండి.

హిస్టరీ టీచరమ్మ రాశారు:

సాగర్ గారూ, బెల్లో పటం గురించి సగమే చెప్పారు. ఆ ప్రయాణంలోనే, ఆ సుల్తానే, అంతకుముందు ఇసుకలో నది దారి గీసి చూపించి, అది ఫుండా దగ్గర సముద్రంలో పడుతుందని క్లాపర్టన్‌కి చెప్పాడు. ఆ మాట క్లాపర్టన్ రాతల్లోనే ఉంది. తర్వాత చేతికిచ్చిన కాగితం మీద మాత్రం ఈజిప్టు వచ్చింది. నోటితో సముద్రం, కాగితం మీద నైలు. తెలియక అలా రాయించాడంటారా, తెలిసే దాచాడంటారా? తీరం నుంచి తెల్లవాళ్ళు నేరుగా వచ్చేస్తే ఎడారి దారిలో సరుకు తెచ్చే అరబ్బు వర్తకుల పొట్ట కొట్టినట్టే. వాళ్ళు సుల్తాన్ కొలువులో పలుకుబడి ఉన్నవాళ్ళు.

ఇంకొక సంగతి. లాండర్లు పడవెక్కడానికి తొమ్మిదేళ్ళ ముందే, 1821లో, జేమ్స్ మెక్వీన్ అనే ఆయన ఈ నది బెనిన్, బియాఫ్రా అఖాతాల దగ్గర సముద్రంలో పడుతుందని పుస్తకం అచ్చువేశాడు. ఆయన ఆఫ్రికాలో అడుగే పెట్టలేదు. కరేబియన్‌లోని గ్రెనడా దీవిలో చెరకు తోట మేనేజరుగా పనిచేసినవాడు. అక్కడ బానిసలుగా పనిచేస్తున్నవాళ్ళని, మీ ఊరేది, ఏ నది దాటొచ్చారు, ఎన్ని రోజులు పట్టింది అని అడిగి, పాత రాతలతో పోల్చి చూసుకున్నాడు. నదిని తలనుంచి తోకదాకా ఎవరూ చూడలేదన్నారు కదా. తలా ఒక ముక్క చూసినవాళ్ళు గ్రెనడా తోటలో పక్కపక్కన చెరకు నరుకుతున్నారు. వాళ్ళని అక్కడ చేర్చింది ఏ ఓడలో మీకు తెలుసు. ఆ మెక్వీనే తర్వాత బానిసత్వాన్ని వెనకేసుకొస్తూ ఎడాపెడా రాశాడు.

సాగర్ అవనిగడ్డ రాశారు:

మెక్వీన్ సంగతి నాకు తెలీదు మేడమ్, ఒప్పుకుంటాను. అయినా అది ఊహ. పుస్తకాల్లో ఊహలు బోలెడు, పైన పాతపటం గారే మూడు చెప్పారు. ఆ బోలెడు ఊహల్లో ఒకటి నిజమైంది. ఏది నిజమో తేల్చింది పడవెక్కినవాళ్ళు.

లాగోస్‌లో తెలుగోడు రాశారు:

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. పదకొండేళ్ళుగా నైజీరియాలో ఉద్యోగం. లోకోజా రెండుసార్లు వెళ్ళాను. నైజర్, బెన్యూ కలిసే చోటు అదే. గుట్టమీద నుంచి చూస్తే రెండు రంగుల నీళ్ళు కొంతదూరం కలవకుండా పక్కపక్కనే పోతుంటాయి. పార్క్ చనిపోయిన పాత బుస్సా ఇప్పుడు లేదు. 1968లో పూర్తయిన కైంజీ డ్యామ్ నీళ్ళ కింద ఉంది. కొత్త ఊరు వేరే కట్టారు.

సాగర్ అన్నా, మీ మాటలో ఒకటి నాకు నచ్చింది, ఒకటి నచ్చలేదు. ఎవరి ముక్క వాళ్ళకి తెలుసన్నారే, అది నిజం. కానీ అది అజ్ఞానం కాదు, ఏర్పాటు. ఆ రోజుల్లో బ్రాస్ వాళ్ళు అబో దాకా వెళ్ళేవాళ్ళు. అబో వాళ్ళు పైసంతల దాకా వెళ్ళేవాళ్ళు. నూపే పడవలు పైనుంచి దిగొచ్చేవి. బోక్వా లాంటి పెద్ద సంతల్లో ఎగువవాళ్ళు, దిగువవాళ్ళు సరుకు మార్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెనక్కి. అవతలివాడి నీళ్ళలోకి పోకూడదు. పోతే సుంకం, లేకపోతే తుపాకీ. ఉప్పు, తుపాకులు, గుడ్డలు పైకి. బానిసలు, దంతం, తర్వాత పామాయిల్ కిందకి. తీరంలో దిగిన సరుకు లాండర్లకి దముగ్గూ లాంటి లోపలి ఊళ్ళలోనే ఎదురైంది. అంటే నది ఎక్కడికి పోతుందో సరుక్కి తెలుసు!

ఇంకో విడ్డూరం. 1830 నాటికే యూరప్ ఓడలు ఈ డెల్టా నోటి దగ్గర మూడు వందల ఏళ్ళుగా లంగరేసుకుని వ్యాపారం చేస్తున్నాయి. బ్రాస్, బోనీ, కాలబరి రేవులు వాళ్ళకి కొట్టిన పిండి. కానీ డెల్టా అంటే మడ అడవుల్లో చీలిపోయిన పాయలు. ఒక్కోదాన్ని ఒక్కో నది అనుకున్నారు. నైజర్ ముఖద్వారంలో నిలబడి నైజర్ ఎక్కడుందని లండన్‌లో మీటింగులు పెట్టుకున్నారు.

కిర్రీ దగ్గర ఏమైందో కూడా చెప్పాలి. ఎదురుగా పెద్ద పడవలు, వాటి మీద ఇంగ్లీషు జెండా. మనవాళ్ళే అనుకుని అన్నదమ్ములు సంబరపడ్డారు. ఆ పడవల్లోంచే దాడి జరిగింది. పెట్టెలు పోయాయి, రిచర్డ్ రాసుకున్న పుస్తకం నీళ్ళపాలైంది. జెండా అక్కడ అందమైన గుడ్డ, వ్యాపారంలో వచ్చిన సరుకు. తర్వాత వాళ్ళని అబో రాజు ఓబీ ముందు నిలబెట్టారు. ఆయన విడుదలకి వెల కట్టాడు. బ్రాస్‌కి చెందిన కింగ్ బాయ్ ఆ వెల తాను చెల్లించి, తీరంలో ఇంగ్లీషు ఓడ దగ్గర లాభంతో వసూలు చేసుకుందామని తీసుకెళ్ళాడు. ‘థామస్’ అనే ఆ ఓడ కెప్టెన్ లేక్ పైసా ఇవ్వనన్నాడు. బూతులు తిట్టాడు కూడా. మాట నమ్మి అప్పిచ్చింది నది మనిషి, ఎగ్గొట్టింది ఓడ మనిషి.

పాతపటం రాశారు:

తెలుగోడు గారూ, మీ రెండో పేరా చదివాక నా ప్రశ్నే మారిపోయింది. నది వాళ్ళకి తెలుసా తెలియదా అని కొట్టుకుంటున్నాం. అసలు కొత్తగా జరిగింది అది కాదు. ఎవరి నీళ్ళు వాళ్ళవి అనే ఆ ఏర్పాటులో, ప్రతి రేవు దగ్గరా సరుకు చేయి మారాలి. ఈ అన్నదమ్ములు చేయి మారకుండా, సరుకు లేకుండా, బుస్సా నుంచి సముద్రం దాకా ఒకే మనుషులుగా దిగారు. (కిర్రీ నుంచి వాళ్ళే సరుకయ్యారనుకోండి.) అంటే కనుగొన్నది నదిని కాదు. దళారుల్ని దాటి లోపలికి పోవచ్చనే సంగతిని. లండన్, లివర్‌పూల్‌లో వర్తకులకి కావలసింది కూడా అదే.

రుజువు కావాలంటే ఆ తర్వాత రెండేళ్ళు చూడండి. 1832లో మాక్‌గ్రెగర్ లెయిర్డ్ లివర్‌పూల్ నుంచి ‘క్వోరా’, ‘అల్బుర్కా’ అనే రెండు ఆవిరి పడవలతో అదే నదిలోకి ఎదురెక్కాడు. రిచర్డ్ లాండర్ కూడా వెళ్ళాడు. పడవలో ఉన్నది మతబోధకులు కాదు, అమ్ముకునే సరుకు. వెళ్ళిన 48 మంది తెల్లవాళ్ళలో బతికి వచ్చింది 9 మంది. రిచర్డ్‌ని డెల్టాలో అంగియామా దగ్గర కాల్చారు, ఆ గాయంతో 1834 ఫిబ్రవరిలో పోయాడు. ‘కనుగొన్న’ దారికి తాళం వేసే ప్రయత్నం అది అనిపిస్తుంది నాకు.

సాగర్ అవనిగడ్డ రాశారు:

ఇక్కడ ఆగండి సార్. “దళారులు” అని ముద్దుగా అంటున్నారు. ఎవరండీ ఆ దళారులు? అబో, బ్రాస్, బోనీ ఏం అమ్మి పెద్దవయ్యాయి? మనుషుల్ని. ఇంగ్లండ్ 1807లో నిషేధించాక కూడా బ్రాస్ పాయల్లోంచి నేవీ కళ్ళుగప్పి బానిసల ఓడలు పోతూనే ఉన్నాయి. ఆ తాళం అలాగే ఉండాలా? 1841లో మూడు ఆవిరి ఓడలు వచ్చింది ఆ వ్యాపారం ఆపే ఒప్పందాల కోసం. ఓబీ, ఇడాలో ఇగాలా రాజు సంతకాలు పెట్టారు. వచ్చిన తెల్లవాళ్ళలో దాదాపు మూడోవంతు జ్వరాలతో పోయారు. లాభం కోసం చచ్చేవాళ్ళు అంతమంది ఉండరు.

హిస్టరీ టీచరమ్మ రాశారు:

బానిసల అమ్మకం సంగతి మీరు చెప్పింది నిజం, దాన్ని కప్పిపుచ్చకూడదు. ఆ ఊళ్ళ గొప్పలు చెప్పేవాళ్ళు ఈ పేజీ తిప్పేస్తారు. పామాయిల్ వచ్చాక కూడా కాయలు మోసింది, పడవలు తోసింది చాలాచోట్ల బానిసలే.

కానీ 1841 విషయంలో “తాటిచెట్టెందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం” అన్న సామెత గుర్తొస్తుంది. చెట్టు కూడా సరిపోయింది చూడండి, తాటి జాతే! ఆ యాత్ర వెనకున్న బానిసత్వ వ్యతిరేకి బక్స్‌టన్ మనసులో దయ ఉంది, సందేహం లేదు. బానిసల బదులు పంట అమ్మించాలని లోకోజా దగ్గర ఆదర్శ వ్యవసాయ క్షేత్రం పెట్టించారు. అది నిలబడలేదు. నిలబడింది నూనె. సబ్బులకి, కొవ్వొత్తులకి, యంత్రాల కీళ్ళకి ఇంగ్లండ్‌కి కావాల్సినంత నూనె.

ఆ 1841 ఓడల్లో ఒకదానిలోనే సామ్యుల్ అజాయి క్రౌథర్ ఉన్నాడు. యొరుబా పిల్లవాడు, 1821లో పట్టుబడి అమ్ముడుపోయాడు. మరుసటేడు ఇంగ్లీషు నేవీ ఓడ పట్టుకుని సియెర్రా లియోన్‌లో దింపింది. 1864లో బిషప్ అయ్యాడు. ఇదే నది మీద మూడుసార్లు ప్రయాణాలు చేసి, రాసి పెట్టాడు. మన మోడల్ పేపర్లలో ఆయన పేరు ఆప్షన్‌గా కూడా రాదు. సాగర్ గారి వాదనకి బలమైన సాక్షి ఆయనే, ఆయన్ని మీరు వాడుకోలేదు!

జ్వరాల తాళం విప్పింది 1854. బైకీ అనే డాక్టరు ‘ప్లీయడ్’ ఓడలో బెన్యూ దాకా పోయి, మనుషులకి రోజూ క్వినైన్ మింగించి, ఒక్క తెల్లవాణ్ణి కూడా చావనివ్వకుండా తెచ్చాడు. నన్నడిగితే ఈ నది చరిత్రలో 1830 కన్నా ఆ ఏడాదే పెద్దది.

మోడరేటర్ రాశారు:

ఒక సభ్యుడి పోస్టు తీసేశాం. తెల్లవాళ్ళని గానీ నల్లవాళ్ళని గానీ గంపగుత్తగా తిడితే ఇక్కడ ఉండదు. చర్చ బాగుంది, కొనసాగించండి.

లాగోస్‌లో తెలుగోడు రాశారు:

సాగర్ అన్నా, చివరికి ఆ దారి ఎవరి చేతికి పోయిందో చూడండి. 1879లో జార్జ్ గోల్డీ అనే ఆయన నది మీది ఇంగ్లీషు కంపెనీల్ని ఒకటి చేశాడు. 1886లో దానికి రాజముద్రతో చార్టరు, పేరు రాయల్ నైజర్ కంపెనీ. మన ఈస్టిండియా కంపెనీకి తమ్ముడనుకోండి. సొంత సైన్యం, సొంత కోర్టు, సొంత పన్ను. సముద్రం నుంచి లోపలికి పోయే ముఖ్యమైన పాయ నోటి దగ్గర, అకాసాలో, గోదాములు పెట్టుకుని కూర్చున్నారు.

బ్రాస్ వాళ్ళ ఊళ్ళు చిత్తడి నేలలో ఉంటాయి. పంట పండదు. అప్పట్లో పైనుంచి నూనె తెచ్చి అమ్మితేనే తిండి. కంపెనీ ఏం చేసిందంటే, తరతరాలుగా వాళ్ళు వ్యాపారం చేసుకున్న నీళ్ళలోనే వాళ్ళని పరాయివాళ్ళని చేసింది. వ్యాపారం చేయాలంటే ఏడాదికి 50 పౌండ్ల లైసెన్సు, సారా అమ్మాలంటే ఇంకో 100, పైగా సుంకాలు. దొంగతనంగా పోతే కాల్పులు. 1895 జనవరి 29 తెల్లవారుజామున, వెయ్యిమందికి పైగా పడవల్లో వచ్చి అకాసా మీద పడ్డారు. నాయకుడు వాళ్ళ రాజు కోకో. గోదాములు పగలగొట్టారు, బందీలుగా పట్టుకెళ్ళినవాళ్ళని చంపారు. ఆ చంపడం ఘోరంగా జరిగింది, దాచను. మరుసటి నెలలోనే ఇంగ్లీషు నేవీ వెళ్ళి బ్రాస్ వాళ్ళ నెంబే ఊరు తగలబెట్టింది.

1830లో అన్నదమ్ముల్ని వెల కట్టి కొని సముద్రానికి చేర్చిన కింగ్ బాయ్ ఊరివాళ్ళే వీళ్ళు. అరవై ఐదేళ్ళు. అంతే.

సాగర్ అవనిగడ్డ రాశారు:

అకాసా గురించి చదివాను, కంపెనీ చేసింది అన్యాయమే. ఇంగ్లీషు ప్రభుత్వం వేసిన విచారణలోనే బ్రాస్ వాళ్ళ గోడు బయటికొచ్చింది, 1900 నాటికి చార్టరు పోయింది కూడా. కానీ 1895లో గోల్డీ చేసిన పాపం 1830లో పడవెక్కిన ఇద్దరి మీద రాయడం నాకు రుచించదు. రిచర్డ్ క్లాపర్టన్ దగ్గర నౌకరుగా వెళ్ళినవాడు. యజమాని 1827లో సొకోటోలో చనిపోతే దగ్గరుండి పాతిపెట్టించి, కాగితాలు మోసుకుని, ఆ బృందంలో బతికిన ఒకే ఒక్క తెల్లవాడుగా తిరిగొచ్చాడు. ఆ మనిషిలో గోల్డీ లేడు. దారి చూపినవాడూ దారి కాజేసినవాడూ ఒకటి కాదు.

చీరాల మగ్గం రాశారు:

నేను ఎప్పుడూ చదివి ఊరుకునే రకం. ఇవాళ ఒక్క మాట. తెలుగోడు గారు “గుడ్డలు పైకి” అని రాసి వదిలేశారు. ఆ గుడ్డలు ఎవరివి?

మా తాత చీరాల పక్క పల్లెలో గళ్ళ రుమాళ్ళు నేసేవాడు. పేరుకే రుమాలు. మద్రాసు ఎగుమతిదారులు కొని నైజీరియా పంపేవాళ్ళు. మావాళ్ళెవరూ వాటిని కట్టుకోలేదు, ఇంట్లో ఒక్క ముక్క మిగల్లేదు. అద్దకంలో ఎరుపు ఒక పిసరు తేడా వస్తే సరుకంతా వెనక్కొచ్చేదట. “ఆ నల్లదొరల కన్ను మన షావుకారి కన్నా నిశితం” అనేవాడు తాత. ఆ సరుకు ఏ నది మీద ఏ ఊరికి పోయేదో ఆయనకి చచ్చేదాకా తెలీదు. ముక్క ముక్కే తెలియడం అంటున్నారు కదా, అందులో మేమూ ఒక ముక్క.

లాగోస్‌లో తెలుగోడు రాశారు:

మగ్గం గారూ, దండాలు. మీ తాతగారి రుమాలు ఇక్కడ బతికే ఉంది. ఇబో పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే గుడ్డని ‘జార్జ్’ అంటారు. మద్రాసు సెయింట్ జార్జ్ కోట పేరే అలా వచ్చిందని చెబుతారు. డెల్టాలో కాలబరి వాళ్ళకి మద్రాసు గళ్ళగుడ్డ అంటే ప్రాణం. ‘ఇంజిరి’ అంటారు. దాన్ని అలాగే కట్టుకోరు. సూదితో, బ్లేడుతో ఎంచిన దారాలు ఒక్కోటీ తెంపి లాగేసి, మిగిలిన దారాలతో కొత్త డిజైను తెస్తారు. ‘పెలెటె బితె’ అని దానికి పేరు. నేసింది మనవాళ్ళు, ఊడబెరికి అందం తెచ్చింది వాళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే శవం పడుకోబెట్టే గదిని ఈ గుడ్డలతో అలంకరిస్తారు.

హిస్టరీ టీచరమ్మ రాశారు:

చర్చ అందంగా మలుపు తిరిగింది, నేను కొంచెం పాడుచేస్తాను. కోరమాండల్ తీరం గుడ్డ పద్దెనిమిదో శతాబ్దంలో పడమటి ఆఫ్రికాకి పోయింది బానిసల్ని కొనే సరుకుగానే. మాల్దీవుల గవ్వలు కూడా అంతే. బెంగాల్, సిలోన్ మీదుగా యూరప్ పోయి, అక్కణ్ణుంచి ఆఫ్రికా పోయి డబ్బుగా చెల్లేవి. సెగూ రాజు మంగో పార్క్‌ని ఊళ్ళోకి రానివ్వకుండా చేతిలో పెట్టిన 5,000 గవ్వలు మన సముద్రానివే. సాగర్ గారు ఆ ఊళ్ళని అడిగిన ప్రశ్న మన రేవుల్నీ అడగాలి. నేసినవాడికి తెలీదు, సరే. ఓడకెత్తించిన షావుకారికి?

సాగర్ అవనిగడ్డ రాశారు:

ఆ దెబ్బ తగిలింది మేడమ్. ఒప్పుకుంటాను. కానీ కీ మీద నా మాట మారలేదు.

పాతపటం రాశారు:

నా మాట కొంచెం మారింది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే లాండర్ సోదరులనే గుండ్రం పెట్టమని చెబుతా, పిల్లల పొట్ట కొట్టలేను. మా క్లాసు పేపర్లో మాత్రం ఇలా మారుస్తున్నా: “1830లో బుస్సా నుంచి బ్రాస్ దాకా నైజర్ మీద పడవలో దిగి, ఆ ప్రయాణాన్ని రాసిన యూరోపియన్లు ఎవరు?” జవాబు అదే, మార్కు అదే. దాని కింద రెండు మార్కుల ప్రశ్న: “వారిని అబో నుంచి సముద్రానికి చేర్చింది ఎవరు? ఆయన అప్పు ఎవరు ఎగ్గొట్టారు?” ఆ అడిగిన అమ్మాయికి ఈ చర్చ లింకు పంపాను. ఇంకా చదవలేదట, రేపు కరెంట్ అఫైర్స్ టెస్టు ఉందంది.

చీరాల మగ్గం రాశారు:

తెలుగోడు గారూ, ఒక సాయం. ఈసారి ఏదైనా పెళ్ళికి వెళ్తే ఆ పాత గుడ్డల్లో ఒకదాని అంచు ఫొటో తీసి పెట్టగలరా? తాత అంచులో పసుపు పోగు వేసేవాడని మా నాయనమ్మ చెబుతుంది. ఎవరింట్లో అయినా ఉంటుందేమో.

లాగోస్‌లో తెలుగోడు రాశారు:

మా ఓనరమ్మ బీరువాలో వాళ్ళ అత్తగారి గుడ్డలు మూటకట్టి ఉన్నాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే అడుగుతాను. పసుపు పోగు ఎడమ అంచా, రెండు వైపులా?